జెఫ్రీ బావా డ్రాయింగులను ఎలా చదవాలి: ఈనా డి సిల్వా ఇంటి కేస్ స్టడీ

శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా పేరు వినగానే చాలామంది ఆర్కిటెక్చర్ విద్యార్థులకు కట్టడం కంటే ముందు డ్రాయింగ్ గుర్తొస్తుంది. సన్నటి నల్ల ఇంకు గీతలు, నిలువునా కోసి చూపించిన పెంకుటిల్లు, పక్కన ఆకు ఆకూ విడిగా గీసిన చెట్టు. ఆ చెట్టు మామిడో, దేవగన్నేరో చెప్పేయొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. అంత శ్రద్ధగా గీశారు కాబట్టి ఇల్లు కూడా అచ్చం అలాగే ఉంటుందని నమ్మేస్తాం. ఆ కాగితం పట్టుకుని మరమ్మతు పనికి దిగితే స్తంభం ఒకచోట, గీత ఇంకోచోట ఉంటాయి.

బావా ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలన్నీ ఒక జాతివి కావు. కొన్ని కట్టడానికి గీసినవి, కొన్ని కట్టాక గీసినవి. ఏది ఎప్పుడు, ఏ పని కోసం పుట్టిందో తేల్చుకున్నాకే దాన్ని సాక్ష్యంగా వాడాలి. ఈ తేడా ఎంత అవసరమో చూడటానికి కొలంబోలో కట్టి, దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత విప్పి, బావా సొంత తోట లునుగంగ పక్కన మళ్లీ నిలబెట్టిన ఈనా డి సిల్వా ఇంటిని మించిన ఉదాహరణ లేదు.

కెరీర్, డ్రాయింగుల కోసం తెలియాల్సినంత

బావా 1919లో కొలంబోలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం, ఆ తర్వాత లండన్‌లో న్యాయశాస్త్రం చదివారు. 1940ల చివర్లో బెంతోట దగ్గర దెద్దువ చెరువు ఒడ్డున ఒక పాత రబ్బరు తోట కొన్నారు. అదే లునుగంగ. తోటను తన ఊహకు తగ్గట్టు మార్చుకోవాలంటే పని నేర్చుకోవాలని అర్థమై, కొలంబోలో హెచ్.హెచ్. రీడ్ దగ్గర చేరారు. రీడ్ చనిపోయాక లండన్ ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో చదువు పూర్తి చేశారు. అర్హత చేతికి వచ్చేసరికి 1957, ఆయనకు 38 ఏళ్లు. తిరిగొచ్చి ఎడ్వర్డ్స్, రీడ్ అండ్ బెగ్ సంస్థలో పని మొదలుపెట్టారు.

డ్రాయింగులు చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు మూడున్నాయి. మొదటిది డెన్మార్క్ ఆర్కిటెక్ట్ ఉల్రిక్ ప్లెస్నర్. 1959లో ఆఫీసులో చేరి 1967 వరకు ఉన్నారు. ఆ ఏళ్లలో కట్టిన ఇళ్లలో ఎవరి చెయ్యి ఎంతనేది ఇప్పటికీ తెగని వాదన. రెండోది చిత్రకారుడు లకీ సేనానాయకే. ఆకులతో సహా చెట్లు గీసే ఆ శైలికి పునాది వేసింది ఎక్కువగా ఆయనే. మూడోది ఇంజినీరు కె. పూలోగసుందరం. ప్లెస్నర్ వెళ్లిపోయాక ఇరవై ఏళ్లు బావా భాగస్వామిగా ఉన్నారు. బెంతోట బీచ్ హోటల్ నుంచి 1982లో పూర్తైన, కోట్టెలోని శ్రీలంక పార్లమెంటు దాకా పెద్ద పనులన్నీ ఆ కాలానివే. మదురైలో ఒక కంపెనీ క్లబ్బు కూడా అప్పుడే కట్టారు. కందలమ హోటల్ (1991-94) వేళకు ఆఫీసు మారిపోయింది, మనుషులు కూడా మారారు. 1998లో పక్షవాతం వచ్చి ఆయన పని ఆగింది. 2003లో కన్నుమూశారు.

షీటు మూలన వివరాలు రాసే టైటిల్ బ్లాకులో సంస్థ పేరు ఉంటుంది తప్ప ఆలోచన ఎవరిదో ఉండదు. బావా పెన్సిల్‌తో చిన్న ముక్క గీసి ఇస్తే సహాయకులు దాన్ని షీటు చేసేవారు. అందుకే "బావా గీసిన డ్రాయింగ్" అని కేటలాగులో రాయడం చాలాసార్లు తప్పవుతుంది. "బావా ఆఫీసు డ్రాయింగ్" అని రాస్తే ఆ తప్పు జరగదు.

నాలుగు జాతుల కాగితాలు

మొదటిది సర్వే షీటు. ఉన్న చెట్లు, బండరాళ్లు, ఎత్తుపల్లాలు ముందే కొలిచి వేసినది. బావా పనిలో దీని విలువ ఎక్కువ, ఎందుకంటే గోడ ఎటు తిరగాలో చాలాచోట్ల ఉన్న చెట్టే నిర్ణయించింది. రెండోది వర్కింగ్ డ్రాయింగ్. ట్రేసింగ్ పేపరు మీద గీసి, డయాజో ప్రింట్లు తీసి సైటుకి పంపేది. మనం అమ్మోనియా ప్రింట్ అనేది ఈ డయాజో నకలునే. మూడోది సైటు స్కెచ్. మేస్త్రికో, వడ్రంగికో అక్కడికక్కడ గీసి ఇచ్చిన ముక్క. అసలైన నిర్ణయాలు చాలావరకు దీని మీదే జరిగాయి, మిగిలింది కూడా ఇదే తక్కువ. నాలుగోది ప్రదర్శన కోసం, ప్రచురణ కోసం గీసినది. 1980ల మధ్యలో లండన్ ప్రదర్శనకు, ఒక పుస్తకానికి ఆఫీసు పాత కట్టడాలను కొత్తగా గీసింది. మనం వెబ్‌లో చూసి మురిసిపోయే షీట్లలో చాలావరకు ఈ నాలుగో జాతివే.

నాలుగో జాతి షీటు అబద్ధం చెప్పదు, కానీ దాని పని వేరు. అందులో చెట్టు ఇరవై ఏళ్లు పెరిగి ఉంటుంది. కట్టేటప్పుడు మధ్యలో మారిన మెట్టు మారినట్టే కనిపిస్తుంది, ఎందుకు మారిందో కనిపించదు. గోడ మందం మాత్రం అందంగా ఒకే తీరున నింపేసి ఉంటుంది. ఇటుకా, లేటరైటు అనే ఎర్రరాయా, కాంక్రీటా అని దాన్ని అడిగితే జవాబు రాదు.

షీటును గుర్తుపట్టడానికి ఈ వరసలో చూస్తాం. ముందు కొలతలు అడుగులు-అంగుళాల్లో ఉన్నాయా, మీటర్లలోనా చూడాలి. శ్రీలంక 1970ల్లో మెట్రిక్ పద్ధతికి మారింది. 1960ల ఇంటికి మిల్లీమీటర్లలో కొలతలున్నాయంటే ఆ షీటు తర్వాతది. ఆ తర్వాత కొలత గీతలు అసలు ఉన్నాయా చూడాలి. కొలత ఒక్కటీ లేకుండా నీడలు, చెట్లు, కుర్చీలు నిండుగా ఉంటే అది నాలుగో జాతే. మూడోది సవరణల గుర్తు. వర్కింగ్ ట్రేసింగులో బ్లేడుతో గీకి మార్చిన చోట కాగితం మసకబారి, ఇంకు కొంచెం పాకి ఉంటుంది. దీపం పక్కనుంచి వేస్తే చేతికి తగిలినంత స్పష్టంగా తెలుస్తుంది. గీకిన మచ్చలున్న షీటే మరమ్మతు పనికి బంగారం, ఎందుకంటే మనసు మార్చుకున్న చోటు అదే చూపిస్తుంది.

కొలత కాగితం మీద నుంచి తీసుకోవద్దు

ట్రేసింగ్ పేపరు తేమ తాగితే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైగా నిలువుకీ అడ్డానికీ ఒకేలా సాగదు. కొలంబోలో గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 75 శాతం పైనే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 1/8 అంగుళానికి ఒక అడుగు అనే స్కేలంటే 1:96. షీటు మీద 600 మి.మీ. గీత నేల మీద 57.6 మీటర్లు. కాగితం ఒక్క శాతం సాగితే ఆ గీత 6 మి.మీ. పెరుగుతుంది, నేల మీద అది 576 మి.మీ. అంటే దాదాపు రెండడుగులు. పావు అంగుళం స్కేలులో, అంటే 1:48లో, కాగితం మీది అదే 6 మి.మీ. 288 మి.మీ. అవుతుంది. దీనికి తోడు డయాజో మెషిన్ రోలర్ మీద ప్రింటు సాగుతుంది. ఆ ప్రింటును స్కాన్ చేసి, కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే క్యాడ్‌లో కింద పరిచి, పైన గీసుకుంటూ పోయేవాళ్లు ఈ మూడు తప్పులనూ మూటగట్టుకుంటారు.

రాసి ఉన్న అంకెనే నమ్మాలి. అంకె లేనిచోట అదే షీటులో అంకె ఉన్న రెండు గీతలను, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, పట్టుకుని రెండు దిక్కులకు విడివిడిగా సవరణ లెక్క కట్టాలి. అలా వచ్చిన కొలతను క్యాడ్‌లో వేరే రంగు లేయర్‌లో ఉంచాలి. రాసిన కొలత, లెక్కగట్టిన కొలత, సైటులో టేపు పెట్టి తీసిన కొలత ఒకే లేయర్‌లో కలిశాయంటే ఆరు నెలల తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇల్లు

ఈనా డి సిల్వా అలువిహారె కుటుంబం ఆడపడుచు, మైనంతో గుడ్డ మీద రంగులద్దే బాతిక్ కళాకారిణి. భర్త ఆస్మండ్ పోలీసు శాఖ అధిపతిగా చేసినవారు. కొలంబోలోని ఆల్ఫ్రెడ్ ప్లేస్‌లో 1960-62 మధ్య ఈ ఇల్లు కట్టారు. అప్పట్లో ఆ పేటలో స్థలం నడిమధ్య బంగళా కట్టి చుట్టూ తోట వదలడం ఆనవాయితీ. ఇక్కడ తిరగేశారు. హద్దు వెంట ఎత్తైన గోడ లేపి, లోపల నడిమధ్య పెద్ద ముంగిలి వదిలి, దాని చుట్టూ వరండాలు, గదులు, మళ్లీ వాటి మధ్య చిన్న చిన్న ముంగిళ్లు పెట్టారు. మన కోనసీమ మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఈ ప్లాను పరిచయం చెయ్యక్కర్లేదు. తేడా ఒక్కటే. మండువాలో నాలుగు వైపుల చూరు దగ్గరగా వచ్చి నీరు నడిమి గుంటలో పడుతుంది. ఇక్కడ ముంగిలి తోటంత వెడల్పు, చెట్టు పెరిగేంత ఖాళీ.

సింహళ జమీందారీ ఇళ్ల ముంగిలిని నగరంలోకి తెచ్చారు కానీ గదులను పాత పద్ధతిలో మూసేయలేదు, ఒకదాంట్లోంచి ఒకటి కనిపించేలా తెరిచారు. విదేశీ సరుకు దిగుమతి కష్టమైన కాలం కాబట్టి గాజు, ఉక్కు పక్కన పెట్టి చెక్క జాలీలు, చెక్క స్తంభాలు, వాటి కింద రాతి దిమ్మెలు, పైన గూన పెంకులు వాడారు. కొరత వల్ల వచ్చిన తీర్పే తర్వాత శైలి అయింది. దీన్ని "సంప్రదాయానికి తిరిగి వెళ్లడం" అని రాసేవాళ్లు దిగుమతి లైసెన్సుల సంగతి మరచిపోతారు.

2009 నాటికి ఆ స్థలం పక్కనున్న ఆసుపత్రి అవసరాలకు పోవడం ఖాయమైంది. స్థలాన్ని కాపాడలేమని తేలాక బావా ట్రస్టులు ఇంటినే విప్పి లునుగంగకు చేర్చే పనికి పూనుకున్నాయి. విప్పడం, రవాణా, తిరిగి కట్టడం కలిపి ఏళ్లు పట్టింది. 2016 నాటికి ఇల్లు నిలబడింది. పాత ఇంటి నంబరు మీదుగా దాన్ని ఇప్పుడు నంబర్ 5 అంటున్నారు. ఈనా 2015లో చనిపోయారు.

ఇలాంటి ఇల్లు విప్పే వరస

ఆర్కైవు డ్రాయింగులు ఎంత ఉన్నా విప్పే ముందు ఇంటిని కొత్తగా కొలవాల్సిందే. కొత్త కొలతల షీటు మీద పాత షీటును వేసి, తేడా వచ్చిన ప్రతిచోటా ఒక చీటీ రాయాలి: కట్టేటప్పుడు మార్చారా, తర్వాతి మరమ్మతా, లేక కాగితం సాగిందా. ఈ చీటీలే పునర్నిర్మాణానికి అసలు పత్రం. నేల ఎత్తులు ప్రత్యేకంగా లెవెల్ పెట్టి తీయాలి. వరండా నేలకూ ముంగిలికీ మధ్య మెట్టు ఎత్తు, ముంగిలి వాలు, నీరు బయటికి పోయే తూము, ఈ మూడూ పాత డ్రాయింగుల్లో సాధారణంగా అరకొరగానే ఉంటాయి. కొత్తచోట వాన పడ్డప్పుడు ముందు తేలేది ఇవే.

నంబర్లకు కాగితం చీటీలు, చాక్‌పీసు, ఇంకు పెన్ను పనికిరావు. వానాకాలం ఒకటి గడిస్తే ఏమీ మిగలదు. అంకె గుద్దిన అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్లను, కట్టాక కనబడని ముఖం మీద, తుప్పు పట్టని చిన్న మేకుతో కొట్టాలి. కోడ్‌లో నాలుగు సంగతులుండాలి: ఇంటి భాగం, వస్తువు రకం, వరస సంఖ్య, ఏ ముఖం ఎటు తిరిగి ఉండేది. చివరిది చాలామంది వదిలేస్తారు. చెక్క స్తంభం ఎండ పడ్డ వైపు వెలిసి, నీడ వైపు నల్లబడి ఉంటుంది. తిప్పి నిలబెడితే కొలత సరిపోతుంది కానీ వరస మొత్తం అతుకులబొంతలా కనిపిస్తుంది.

విప్పడం పైనుంచి కిందికి. పెంకులు, ఆ తర్వాత రీపర్లు, వాసాలు, దూలాలు, కిటికీలు-తలుపులు, స్తంభాలు, చివరికి నేల రాళ్లు. పెంకులను వరసల ప్రకారం పెట్టెల్లో నిలబెట్టి పేర్చాలి, పడుకోబెట్టి దొంతర్లు వేస్తే కింది వరస పగులుతుంది. పాత గూన పెంకు కుమ్మరి చేతిదైతే ఒకదానికొకటి కొలత కలవదు. కాబట్టి అదనపు పెంకులను ముందే అదే ప్రాంతంలో పాత ఇళ్లు కూల్చేచోట సేకరించుకోవాలి. పని మధ్యలో ఫ్యాక్టరీ పెంకు కలిపితే చూరు అంచు వంకరపోతుంది.

గోడల సంగతి వేరు. సున్నం కలిపిన అడుసుతో కట్టిన ఇటుక చెక్కుచెదరకుండా ఊడొస్తుంది. సిమెంటు అడుసు అయితే ఇటుకే విరుగుతుంది, అడుసు విడిపోదు. పూత ఎలాగూ రాదు. ప్రతి గదిలోనూ అరచేయంత పూత ముక్కను అన్ని పొరలతో తీసి, పొడి చేసి, ఆమ్లంలో సున్నం కరిగించి, మిగిలిన ఇసుకను జల్లెడల వరసలో పట్టి గింజ పరిమాణం రాసుకోవాలి. గింజ తప్పితే గోడ మీద వెలుగు పడే తీరు మారుతుంది. సిమెంటు మీద నున్నగా పుట్టీ పట్టించి తెల్ల ఎమల్షన్ వేస్తే అదే ఇల్లని ఎవరూ నమ్మరు.

కప్పు దగ్గర ఆగాలి

బావా పేరుతో బాగా ముడిపడిన ఒక పద్ధతి ఉంది. గూన పెంకు కప్పుకు పాతకాలంలో రెండు వరసలు కావాలి, కింద దోనెలా ఒకటి, పైన బోర్లించి ఒకటి. మామిడికాయ పడ్డా, కోతి నడిచినా, కాకి పొడిచినా పెంకు జరిగి కారుతుంది. ఏటేటా వానల ముందు పెంకులు సర్దించాలి. ఆయన అలల సిమెంటు రేకు పరిచి దాని మీద గూన పెంకు వేయించారు. నీటిని ఆపే పని రేకుది, ఎండను ఆపి కంటికి కనిపించే పని పెంకుది. కప్పు వాలు తగ్గించినా కారదు, పెంకు సగానికి సగం తగ్గుతుంది. ఆయన తర్వాతి ఇళ్లలో, హోటళ్లలో ఇదే కప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

డ్రాయింగులో ఇది ఒక ఒంపుల గీత, పక్కన ఒక ముక్క నోటు. కానీ మరమ్మతులో తలనొప్పి ఇక్కడే. పాత రేకు ఆస్బెస్టాస్ కలిసినది. యాంగిల్ గ్రైండర్ పెడితే ఊపిరితిత్తులకు హాని చేసే దాని పీచు గాలిలో కలుస్తుంది. తడిపి, విరగ్గొట్టకుండా బోల్టు తీసి, ముక్కలను మందపాటి పాలిథిన్‌లో మూసి ప్రత్యేకంగా పారవేయాలి. పని చేసేవాళ్లకు మామూలు గుడ్డ మాస్కు చాలదు. బదులుగా వేసే ఆస్బెస్టాస్ లేని రేకు అల వెడల్పు పాతదానికి సరిపోవాలి. మన దగ్గర మామూలుగా దొరికే అలల రేకుకు అల నుంచి అలకు 146 మి.మీ., లోతు 48 మి.మీ. పెంకు ఆ అలతో కుదరకపోతే వరసలు పాములా మెలికలు తిరుగుతాయి, లేదా మేస్త్రి సిమెంటు ముద్దలతో బలవంతంగా కూర్చోబెడతాడు. ఆ ముద్ద నీటి దారిని మూసేస్తే నీరు వెనక్కి తన్ని రేకు అతుకులోంచి లోపలికి దిగుతుంది. మొదటి వరస వేశాక పై నుంచి ఒక బిందెడు నీళ్లు పోసి చూడటమే పరీక్ష.

ఇల్లు మోసుకెళ్లలేకపోయినది

రాళ్లూ చెక్కా లునుగంగకు చేరాయి. ఇరుగు పొరుగు చేరలేదు. ఈ ప్లాను పుట్టిందే ఇరుకైన నగర స్థలంలో, పక్కింటి కిటికీలోంచి చూపు పడకుండా చల్లగా ఎలా బతకాలన్న ప్రశ్నకు. పల్లె తోటలో ఆ ఎత్తైన హద్దు గోడకు కాపలా కాయాల్సింది ఏమీ లేదు. ముంగిట్లో ముదిరిన చెట్టునూ లారీ ఎక్కించలేరు. ఇల్లు బతికిందనడం నిజమే, కానీ అది నగర గృహంగా చేసిన వాదనకు ఇప్పుడు మిగిలిన సాక్ష్యం డ్రాయింగులే. వాటిలో కూడా పక్క స్థలాల హద్దులు, వీధి, తూములు చూపించే స్థల పటానిదే మొదటి స్థానం, ఇంటిని నిలువునా కోసి చూపించే, చెట్లున్న అందమైన సెక్షన్‌ది కాదు. ప్రదర్శనల్లో గోడకెక్కేది మాత్రం ఎప్పుడూ రెండోదే. 2022లో కొలంబోలో, 2023లో దిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో బావా ఆర్కైవు ప్రదర్శన పెట్టినప్పుడు కట్టని ప్రాజెక్టుల షీట్లు, ఫొటోలు కూడా కలిపి చూపించారు. అది మంచి మార్పు.

కాగితాన్ని కాపాడటం

ఆర్ అండ్ బి, నీటిపారుదల ఆఫీసుల పాత ట్రేసింగులు, ఏ పాత ఆర్కిటెక్ట్ ఇంట్లోనో అటక మీద చుట్టలు దొరికినవాళ్లకూ ఇది పనికొస్తుంది.

చుట్టను వెంటనే విప్పకూడదు. ఎండి గట్టిపడ్డ ట్రేసింగు అంచు నుంచి చీలుతుంది. నీరు తాకకుండా, ఆవిరి మాత్రం అందేలా మూసిన పెట్టెలో కొన్ని గంటలు ఉంచి, మెత్తబడ్డాక బ్లాటింగ్ కాగితాల మధ్య బరువు పెట్టాలి. నీరు నేరుగా తగిలితే ట్రేసింగ్ పేపరు అలలు తేలుతుంది, ఇక సరికాదు. గంజి పట్టించిన ట్రేసింగ్ గుడ్డ అయితే ఆ చోట తెల్లబడి గీత కూడా పోతుంది. చిరుగుకు సెలోఫేన్ టేపు అసలు వద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపుగా లోపలికి ఇంకుతుంది. ఆల్కహాల్‌లో కరిగే జిగురుతో సన్నని జపాన్ కాగితం అంటించాలి. నీటిలో కలిపిన మైదా జిగురు వాడితే అంటించిన చోటే ముడత పడుతుంది.

డయాజో ప్రింట్లను మిగతావాటితో కలిపి పెట్టొద్దు, వాటిలో మిగిలిన రసాయనాలు పక్క కాగితాలను పచ్చబరుస్తాయి. నీలి బ్లూప్రింటుకు క్షారం పడదు, కాబట్టి సున్నపు పొడి కలిపిన ఆర్కైవల్ ఫోల్డరు కాకుండా క్షారం లేని తటస్థ కాగితం వాడాలి. తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. రాత్రి ఏసీ ఆపి పగలు వేసే గది కంటే, ఏసీ లేకుండా రోజంతా ఒకే తేమ ఉండే గదే నయం. ఇనుప డ్రాయర్లలో పరిచి పెట్టాలి. కింది డ్రాయరు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి.

స్కాన్ చేసేటప్పుడు లాగే మెషిన్లో పెళుసు ఒరిజినల్ పెట్టొద్దు. ఫ్లాట్‌బెడ్ మీద గానీ, పై నుంచి కెమెరాతో గానీ, అసలు సైజులో 400 డీపీఐ, టిఫ్ ఫైలు తీయాలి. పక్కన ఒక స్టీలు స్కేలు, రంగుల పట్టీ ఉంచితే తర్వాత కాగితం సాగినా ఆనాటి పొడవు దొరుకుతుంది. నలుపు-తెలుపులో తీస్తే గీకిన మచ్చలు, పెన్సిల్ సవరణలు మాయమవుతాయి, రంగులోనే తీయాలి. వెనక వైపూ తీయాలి. గోడల నలుపు, ఆకుల నీడ ట్రేసింగు వెనక నుంచి పెన్సిల్‌తో నింపడం డ్రాఫ్ట్స్‌మెన్‌కు మామూలు. మేస్త్రి వేసిన పెంకుల లెక్క, ఇసుక బండ్ల లెక్క దొరికేది కూడా అటువైపే.